చక్రవర్తుల విడిదికి చిన్న రైలు

జర్మనీలో లాన్ నది ఒడ్డున బాడ్ ఎమ్స్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నడకదారి మీద ఒక రాయి కనిపిస్తుంది. ఆ రాతి మీద తేదీ ఒక్కటే కాదు, గంటా నిమిషాలూ చెక్కారు: 1870 జులై 13, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. ఆ సమయానికి ప్రష్యా రాజు విల్‌హెల్మ్ ఉదయపు షికారులో ఉన్నాడు. ఫ్రాన్స్ రాయబారి బెనెదెత్తి ఎదురుపడి ఒక మాట అడిగాడు. స్పెయిన్ సింహాసనానికి ప్రష్యా రాజవంశపు యువరాజు పోటీ పడబోయి అప్పటికే తప్పుకున్నాడు. ఫ్రాన్స్‌కు అది చాలలేదు. ఇక ఎన్నటికీ అలాంటి ప్రయత్నానికి ఒప్పుకోనని రాజు మాట ఇవ్వాలని బెనెదెత్తి పట్టుబట్టాడు. రాజు మర్యాదగానే కాదన్నాడు.

ఆ సంగతి టెలిగ్రాంలో బెర్లిన్ చేరింది. ప్రధాని బిస్మార్క్ అప్పుడు సేనాధిపతి మోల్ట్‌కే, యుద్ధమంత్రి రోన్‌లతో భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆ టెలిగ్రాంలోని మెత్తని మాటలన్నీ కత్తిరించి, రాయబారిని రాజు అవమానించి పంపేశాడని చదివినవాళ్లకు అనిపించేలా కుదించి పత్రికలకు ఇచ్చాడు. ఆరు రోజులకు, జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. మరుసటి జనవరి 18న వెర్సాయ్ రాజభవనంలో జర్మన్ సామ్రాజ్యం పుట్టింది, ఆ ఉదయం ఎమ్స్‌లో నడుస్తున్న రాజు దానికి చక్రవర్తి అయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో ఎమ్స్ టెలిగ్రాం అని చదువుకునేది దీన్నే.

రాజు అక్కడికి యుద్ధం కోసం వెళ్లలేదు. నీళ్లు తాగి, నడిచి, నిద్రపోయి ఒంటిని బాగుచేసుకుందామని వెళ్లాడు. ఈ ఊరి కథంతా అలాంటిదే. విశ్రాంతికి వచ్చిన పెద్దమనుషులు తమ లోకాన్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక ఊరు మిగిలింది, ఊటలు మిగిలాయి. ఒకప్పుడు కిరీటాలున్నవాళ్లకే దక్కిన ఆ తీరిక ఇప్పుడు బస్సు డ్రైవర్లకూ నర్సులకూ దక్కుతోంది. నాకు ఈ ఊరు నచ్చడానికి పెద్ద కారణం అదే.

2021 జులైలో యునెస్కో యూరప్‌లోని పదకొండు వేడినీటి ఊళ్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండ్‌లోని బాత్, చెక్ దేశంలోని కార్లోవి వారి, ఫ్రాన్స్‌లోని విషీ వాటిలో ఉన్నాయి. జర్మనీ నుంచి మూడు: బాడెన్-బాడెన్, బాడ్ కిస్సింగెన్, బాడ్ ఎమ్స్. మన టూరిస్టులకు బాగా తెలిసిన పేరు బాడెన్-బాడెన్. డబ్బున్న ఊరు అది, డబ్బున్నట్టే కనిపిస్తుంది. బాడ్ ఎమ్స్ అలా కాదు. జనాభా దాదాపు పది వేలు. ఇరుకు లోయ, అటూ ఇటూ అడవి కొండలు, మధ్యలో నది. పసుపు, తెలుపు రంగుల పాత హోటళ్లు నీటి అంచున వరసగా నిలబడి ఉంటాయి. కొన్నింటికి రంగు వెలిసింది, కొన్నింటికి కొత్తగా వేశారు. రెండు రోజులుంటే ఊరంతా తెలిసిపోతుంది. మూడో రోజు వీధుల్లో తిరిగే మనుషులు కూడా తెలిసినవాళ్లలా అనిపిస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకూ, చదువుకుంటున్న పిల్లలకూ ఇది శని, ఆదివారాల్లో వెళ్లి రాగలిగిన దూరం. కారు అక్కర్లేదు. జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలన్నింటికీ చెల్లే నెలవారీ టికెట్ ఒకటుంది, డాయిచ్‌లాండ్ టికెట్ అంటారు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. ఐసీఈ లాంటి దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఇది చెల్లదు. ఈ దారికి అవి అక్కర్లేదు కూడా. ఆఫీసుకు వెళ్లిరావడానికి ఆ టికెట్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు ఎమ్స్ ప్రయాణానికి పైసా అదనపు ఖర్చు ఉండదు.

వెళ్లే దారి రైన్ నది వెంబడి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్స్, బింగెన్ మీదుగా కోబ్లెంజ్‌కు నేరుగా వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కి, కుడివైపు కిటికీ పక్కన కూర్చోవాలి. బింగెన్ దాటాక లోయ ఇరుకవుతుంది. ద్రాక్షతోటలు నిట్టనిలువు వాలుల మీదికి పాకుతాయి. ఒక మలుపు తిరిగితే ఒక కోట, మరో మలుపుకు మరో కోట. కౌబ్ దగ్గర నది మధ్యలోనే ఒక తెల్లని కోట నిలబడి ఉంటుంది. ఒకనాడు పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టింది అది. తర్వాత లోరెలై బండ వస్తుంది. రైన్‌కు అవతలి ఒడ్డున మరో రైలుమార్గం ఉంది గానీ, ఆ రైలు లోరెలై కింద సొరంగంలోకి దూరిపోతుంది. బండ కళ్లారా చూడాలంటే మైన్స్, బింగెన్ దారే సరైనది. కోబ్లెంజ్‌లో దిగి లింబుర్గ్ వైపు వెళ్లే చిన్న డీజిల్ రైలు ఎక్కాలి. కాసేపటికి అది రైన్‌ను వదిలి లాన్ లోయలోకి తిరుగుతుంది. ఇరవై నిమిషాలు అటూ ఇటూగా బాడ్ ఎమ్స్ స్టేషన్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మొత్తం రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

ఈ పట్టాలు 1858లో వేశారు. కొండల మధ్య గుర్రపు బండ్లలో ఒళ్లు హూనమయ్యే ప్రయాణం పోయింది. పారిస్ నుంచి, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చే అతిథులు ఊరి నడిబొడ్డున దిగడం మొదలైంది. యూరప్ వేసవి రాజధానుల్లో ఎమ్స్ ఒకటైందంటే దానిలో నీళ్ల మహిమ ఎంతుందో రైలు మహిమా అంతే ఉంది.

ఇక ఆ నీళ్ల సంగతి. వాననీరు బండల పగుళ్ల గుండా చాలా లోతుకు దిగుతుంది. అక్కడ వేడెక్కి, ఖనిజాలనూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలుపుకొని తిరిగి పైకి వస్తుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరడం చూసినవాళ్లకు ఇది కొత్త వింత కాదు. ఎమ్స్ బుగ్గల్లో ఎక్కువగా ఉండేది సోడియం బైకార్బనేట్, ఉప్పు. అన్నింటికన్నా వేడి బుగ్గ నీరు 57 డిగ్రీలుంటుంది. తాగడానికి పేరుమోసిన బుగ్గ క్రేన్‌ఖెన్. నీరు గోరువెచ్చగా, ఉప్పగా, కొంచెం సోడా రుచితో ఉంటుంది. మొదటి గుక్కకు మొహం చిట్లుతుంది. అలవాటైనవాళ్లు గ్లాసు చేత్తో పట్టుకుని నడుస్తూ, చిన్నచిన్న గుక్కలుగా, గంటసేపు తాగుతారు. గొంతు, ఊపిరితిత్తుల బాధలున్నవాళ్లకు ఈ నీటి ఆవిరి పట్టించడం ఇక్కడ పాత వైద్యం. ఈ నీటిని మరిగించి తీసిన ఉప్పుతో చేసే ఎమ్సర్ బిళ్లలు 19వ శతాబ్దం నుంచి ఉన్నాయి. జర్మనీలో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. రోజంతా మాట్లాడే టీచర్లకూ, పాడేవాళ్లకూ పట్టుకెళ్లడానికి ఇంతకన్నా మంచి కానుక ఈ ఊరిలో లేదు.

ఊపిరి కోసం వచ్చినవాళ్లలో దోస్తోయెవ్‌స్కీ ఒకరు. మాస్కో నుంచి వచ్చిన తెలుగు అనువాదాలు చదివి పెరిగిన తరానికి ఆ పేరు ఇంటి పేరంత దగ్గర. ఊపిరితిత్తుల జబ్బుతో 1874, 1875, 1876, 1879 వేసవుల్లో ఆయన ఇక్కడికి వచ్చాడు. పొద్దున్నే లేచి, జనం మధ్య వరసలో నిలబడి గ్లాసు నింపుకొని, వైద్యుడు చెప్పిన లెక్కన తాగేవాడు. ఊరు ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. ఖర్చెక్కువని, జనం ఎక్కువని, ఇంటి మీద బెంగగా ఉందని భార్య అన్నాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. అయినా రాత పని ఆపలేదు. ‘కరమజోవ్ సోదరులు’ నవలలో వృద్ధ సన్యాసి జోసిమా బోధనలున్న భాగం మీద 1879లో ఇక్కడే పనిచేశాడు. రెండేళ్లు తిరగకుండానే, 1881లో చనిపోయాడు.

దోస్తోయెవ్‌స్కీ అనగానే జూదం గుర్తొస్తుంది. ఎమ్స్‌లో జూదశాల 1720 నుంచే ఉంది. కానీ ఆయన అడుగుపెట్టే నాటికి దాని తలుపులు మూసి ఉన్నాయి. కొత్త సామ్రాజ్యం 1872 చివరికల్లా దేశంలోని జూదశాలలన్నీ మూయించింది. ఆయన కూడా 1871లో వీస్‌బాడెన్‌లో ఆఖరిసారి ఆడి, ఇక ఆడనని భార్యకు మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. నదివైపు తెరుచుకునే కుర్‌సాల్ భవనంలో, లాన్ లోయ పాలరాతి స్తంభాలున్న హాలు పక్కన, 1987 నుంచి మళ్లీ చక్రం తిరుగుతోంది. ఆ హాలు చూడండి, కచేరీ ఉంటే వినండి. జూదశాల మీద నాకు ఆసక్తి లేదు.

రష్యన్లు వేసవి వేసవికీ ఎంతమంది వచ్చేవారంటే వాళ్లకొక చర్చి అవసరమైంది. సెయింట్ అలెగ్జాండ్రా పేరున కట్టిన ఆ గుమ్మటాల చర్చి 1876లో ప్రార్థనలకు సిద్ధమైంది. జార్ రెండో అలెగ్జాండర్ కూడా ఎమ్స్ అతిథే. ప్రష్యా రాజు విల్‌హెల్మ్ ఆయనకు స్వయానా మేనమామ. జార్ విడిది చేసింది నాలుగు మూలలా నాలుగు బురుజులున్న పాత భవంతిలో. ఆ భవంతి ముందు తెలుగువాడెవరైనా ఆగి నిలబడాలి. ఎందుకంటే 1876 మే నెలాఖరులో, విశ్రాంతికి వచ్చిన ఆ చక్రవర్తి ఈ ఊరిలోనే ఒక ఆజ్ఞ మీద సంతకం పెట్టాడు. దాని ప్రకారం తన సామ్రాజ్యంలో, కొన్ని మినహాయింపులు తప్ప, ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చేయకూడదు. బయటి దేశాల్లో అచ్చయినవి అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు. ఆ భాషలో నాటకం ఆడకూడదు. స్వరాల కింద పాట మాటలు సైతం ముద్రించకూడదు. లక్షలమంది మాట్లాడుకునే ఒక భాష నోరు నొక్కే పని, పూలమొక్కల మధ్య, నీళ్లు తాగడానికీ షికారుకూ నడుమ జరిగిపోయింది. సుమారు ముప్పై ఏళ్లు, 1905 దాకా ఆ ఆజ్ఞ బరువు ఉక్రెయిన్ రచయితలు మోశారు. భాష పేరు మీద రాష్ట్రం కోసం ప్రాణత్యాగం చేసిన మనిషిని ఊరూరా విగ్రహాలు పెట్టి తలచుకునే మనకు ఆ నొప్పి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు ఎమ్స్ టెలిగ్రాంకు ఇచ్చిన చోటు ఎమ్స్ ఆజ్ఞకు ఇవ్వకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

మంచి జ్ఞాపకాలూ ఉన్నాయి. కొలోన్‌లో పుట్టి పారిస్‌ను తన హాస్య సంగీత నాటకాలతో ఊపేసిన ఆఫెన్‌బాఖ్, రైలు వచ్చిన ఏడాది 1858 నుంచీ వేసవుల్లో ఇక్కడ ప్రదర్శనలిచ్చాడు. ఆయన ‘లిష్ఖెన్, ఫ్రిట్స్‌ఖెన్’ అనే చిన్న నాటకం 1863లో మొదటిసారి ఆడింది ఎమ్స్‌లోనే. 1870 యుద్ధం ఆయన్ను రెండు దేశాల్లోనూ అనుమానితుణ్ని చేసింది. సంగీతానికి గొడుగు పట్టిన ఊరే ఆ యుద్ధానికి నిప్పురవ్వ కావడం తలచుకుంటే కష్టంగా ఉంటుంది. ఆయన సంగీతానికి ఇప్పటికీ ఈ ఊరు చెవి ఒగ్గుతుంది.

చక్రవర్తుల కాలం పోయాక ఏమైంది అన్నది టూరిస్టు కరపత్రాల్లో కనిపించదు. నాకు మాత్రం అసలు కథ అదే. జర్మనీలో కూర్ అనే ఒక ఏర్పాటుంది. జబ్బు పడి లేచినవాళ్లు, పనిచేసి అలిసి నడుము, గుండె, ఊపిరి దెబ్బతిన్నవాళ్లు, డాక్టరు సిఫారసుతో దరఖాస్తు పెట్టుకుంటే, ఆరోగ్య బీమాగానీ పింఛను సంస్థగానీ ఖర్చు పెట్టుకుని ఇలాంటి ఊరికి పంపుతుంది. సాధారణంగా మూడు వారాలు. పింఛను ఇవ్వడానికి ముందు మనిషిని బాగుచేసి చూడాలన్నది అక్కడి సూత్రం. మంచాన పడ్డ మనిషికి ముప్పై ఏళ్లు డబ్బులివ్వడం కంటే మూడు వారాలు నీళ్లలో వ్యాయామం చేయించడం దేశానికి చవక. పిల్లల్ని పెంచుతూ నలిగిపోయిన తల్లులు పిల్లలతో సహా వెళ్లే కూర్ వేరే ఉంది. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న తల్లుల కోసం 1950లో అప్పటి అధ్యక్షుడి భార్య ఎల్లీ హాయ్స్-క్నాప్ స్థాపించిన సంస్థ ఆ పని ఇప్పటికీ చేస్తోంది. ఇంటిపని చేసే ఆడమనిషి అలసటను వైద్యుడు, బీమా సంస్థ, చట్టం జబ్బుకు కారణంగా ఒప్పుకోవడం ఎంత పెద్ద మాటో మన ఇళ్లలో అమ్మలను చూసి పెరిగినవాళ్లకు తెలుసు.

ఆ ఏర్పాటుకు ఎదురుదెబ్బలూ తగిలాయి. 1996 చివర ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని నాలుగు వారాల కూర్‌ను మూడుకు కుదించింది, ఒకసారి వెళ్లాక మళ్లీ వెళ్లడానికి మూడేళ్ల బదులు నాలుగేళ్లు ఆగమంది. మరుసటి ఏడాది దేశంలోని వేడినీటి ఊళ్లు విలవిల్లాడాయి. అతిథి గదులు ఖాళీ, ఉద్యోగాలు పోయాయి, పాత హోటళ్లకు తాళాలు. ఎమ్స్‌లో కొన్ని భవనాల మొహాన కనిపించే ముడతలు ఆ కాలపువి కూడా. యునెస్కో గుర్తింపు వచ్చాక ఊరు మళ్లీ నిలదొక్కుకుంటోంది.

జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమాకు ప్రతి నెలా జీతంలో కోత పడే తెలుగు ఉద్యోగులకు కూడా ఈ హక్కు ఉంది. ఎంతమంది వాడుకుంటున్నారో గానీ, నడుం నొప్పితో కంప్యూటర్ ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు డాక్టరును ఒకమాట అడగడంలో తప్పులేదు. సెలవు తీసుకుని ఒళ్లు చూసుకోవడం సోమరితనం కాదని ఆ దేశం చట్టంలోనే రాసుకుంది.

ఎమ్స్‌లో దిగాక ఏం చేయాలి? నా సలహా, మొదటిరోజు ఏమీ చేయొద్దు. కుర్‌పార్కులో బెంచీ మీద కూర్చోండి. చక్రవర్తి విల్‌హెల్మ్ విగ్రహం అక్కడ యూనిఫాం లేకుండా మామూలు దుస్తుల్లో ఉంటుంది. జర్మనీలో ఆయన్ను గుర్రం మీదే చూస్తూ వచ్చిన కళ్లకు ఇది కొత్త. సాయంత్రం వేడినీటి కొలను. 2012లో తెరిచిన ఎమ్సర్ థెర్మెలో లోపలా బయటా కొలనులున్నాయి. చలికాలంలో బయటి కొలనులో మెడవరకు మునిగి, మంచుపట్టిన కొండల వైపు చూస్తూ ఉండిపోవచ్చు. లాన్ నది మీద తేలే ఆవిరిగది కూడా ఉంది. ముందే తెలుసుకోవలసింది ఒకటి: కొలనులో ఈతదుస్తులు తప్పనిసరి. ఆవిరిగదుల విభాగంలో మాత్రం ఆడా మగా అందరూ దుస్తులు లేకుండా, తువ్వాలు పరుచుకుని కూర్చోవడం అక్కడి రివాజు. ఎవరూ ఎవరినీ చూడరు, ఎవరికీ సిగ్గుండదు. ఇష్టం లేనివాళ్లు కొలనుకే టికెట్ తీసుకుంటే సరి.

రెండోరోజు కొండెక్కాలి. 1979లో వచ్చిన కుర్‌వాల్డ్ బాన్ అనే తాడు రైలు 78 శాతం వాలు మీద నిటారుగా పైకి లాక్కుపోతుంది. కొండమీది చికిత్సాలయాలకు రోగుల్ని చేర్చడమే దాని అసలు పని. పక్కన కూర్చున్న పెద్దావిడ చంకకర్రలు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. పైనుంచి లోయ అంతా కనిపిస్తుంది. ఈ కొండల మీదుగానే రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు, రైన్ నుంచి దాన్యూబ్ దాకా 550 కిలోమీటర్ల పొడవునా సాగింది. అది కూడా ప్రపంచ వారసత్వమే. అంటే ఈ పదివేలమంది ఊరికి ఆ గౌరవం రెండుసార్లు దక్కింది. ఊరి దగ్గరి ఒక కొండ మీద జరిపిన తవ్వకాల్లో, క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్ సైనికులు శిబిరం చుట్టూ పాతిన మొనదేలిన చెక్క మేకులు చెక్కుచెదరకుండా దొరికాయని 2023లో పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ సైనికులు వచ్చింది వెండి కోసం. చరిత్రకారుడు టాసిటస్ రాసిన దాని ప్రకారం శ్రమ బోలెడు, దొరికింది కొంచెం. అసలు వెండి అక్కడికి దగ్గరలోనే ఉంది. వందల ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు తవ్వుకున్నారు. ఎమ్స్ గనులు 1945లో మూతపడ్డాయి.

తిండి గురించి శాకాహారులు బెంగపడక్కర్లేదు. జున్నుతో చేసే స్పెట్స్‌లే, ఆపిల్ గుజ్జుతో తినే బంగాళాదుంప అట్లు దాదాపు ప్రతి హోటల్లో ఉంటాయి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకా వెళ్తే తెల్ల ఆస్పరాగస్ కాలం. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలు, పండ్లు కొని పెట్టుకోండి. ఆగస్టు చివరి ఆదివారం పూల రథాల ఊరేగింపు జరుగుతుంది. అప్పటికి వెళ్లాలనుకుంటే గది చాలా ముందు చూసుకోవాలి. హడావుడి వద్దనుకుంటే మే లేదా సెప్టెంబరు నెలలు మంచివి.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారి పట్టకండి. లింబుర్గ్ వైపు వెళ్లే రైలెక్కితే లాన్ లోయ మిగతాది కూడా చూడొచ్చు. సొరంగం, వంతెన, మళ్లీ సొరంగం. నసావు దగ్గర కొండమీద కోట కనిపిస్తుంది. నెదర్లాండ్స్ రాజవంశం పేరులో ఇప్పటికీ ఉన్న నసావు ఇదే. ఓబర్న్‌హోఫ్ దగ్గర నదివాలున ద్రాక్షతోటలు, ఆర్న్‌స్టైన్ మఠం. లింబుర్గ్‌లో దిగి, రెండు గంటలు ఆగి, ఏడు శిఖరాల ఆ పాత కేథడ్రల్ చూడండి. యూరో రాకముందు జర్మనీ వెయ్యి మార్కుల నోటు వెనక ఉన్న బొమ్మ ఆ చర్చిదే. అక్కణ్నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా ప్రాంతీయ రైళ్లున్నాయి, టికెట్ అదే చెల్లుతుంది.